ఎడారి ఎక్కడ మొదలవుతుంది?

(జగ్గయ్యపేట ప్రాంతంలో మహిళల చదువుల కేంద్రంలో జూన్ 17న చేసిన ప్రసంగం)

 

పొద్దుటినుంచీ నడుం వంచి పత్తి గింజలు పెట్టి వచ్చారు. అయినా పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. అందుకని ఎక్కువసేపు చెప్పను. మీకు పనికొచ్చే మాట చెబుతాను.

ఈ రోజు జూన్ 17. 1994లో ఇదే రోజున ఐక్యరాజ్య సమితిలో దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. పండే నేల ఎడారి కాకుండా కాపాడుకోవాలన్నదే ఆ ఒప్పందం. మన దేశం కూడా అందులో చేరింది.

"మనకూ ఎడారికీ ఏం సంబంధం? ఒక పక్క కృష్ణమ్మ ఉంది. ఒక పక్క మున్నేరు ఉంది. సాగర్ ఎడమ కాలువ కూడా ఉంది కదా!" అంటారేమో. వినండి.

ఒంటెలు తిరిగే ఇసుక నేల పుట్టుకతోనే ఎడారి. నేను చెప్పేది దాని గురించి కాదు. నిన్నటిదాకా పండిన నేల సారం పోయి, గడ్డి కూడా మొలవని బీడుగా మారిపోవడం గురించి. దీన్ని పుస్తకాల్లో 'ఎడారీకరణ' అంటారు. ఎ-డా-రీ-క-ర-ణ. కూడబలుక్కుని చదవండి. వచ్చింది కదా!

మన రాష్ట్రంలోనే అనంతపురం జిల్లా ఉంది. వానలు బాగా తక్కువ. అక్కడ బొమ్మనహాళ్ మండలంలో వేదవతి నది ఉంది. హగరి అని కూడా అంటారు. ఆ నది ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటుంది. గాలి వీచినప్పుడు నదిలోని ఇసుక లేచి పొలాల మీద పడుతుంది. దర్గా హొన్నూరు, గోవిందవాడ దగ్గర ఇసుక దిబ్బలే పెరిగాయి. రైతు చేను ఇసుక కిందికి పోయింది.

మన దగ్గర ఇసుక దిబ్బలు లేవు. కానీ నేలను పోగొట్టే దొంగ ఒకడు ఉన్నాడు. వాడు వాననీళ్ళతో వస్తాడు.

ఇస్రో శాస్త్రవేత్తలు ఉపగ్రహాల నుంచి తీసిన బొమ్మలు చూసి లెక్క వేశారు. 2018-19 లెక్క ప్రకారం మన దేశంలో ప్రతి 100 ఎకరాల్లో దాదాపు 30 ఎకరాల నేల చెడిపోతూ ఉంది. అన్నిటికంటే పెద్ద కారణం ఏమిటో తెలుసా? నీళ్ళు మట్టిని కోసుకుపోవడం.

మా అమ్మ చేను సంగతి చెబుతాను. ఎకరన్నర నల్లరేగడి. వాలు చేను. గట్టు మీద వేపచెట్లు, తుమ్మచెట్లు ఉండేవి. ఇంట్లో రెండు ఎడ్లు ఉండేవి. ఏటా పెంట తోలేవాళ్ళం. కంది, జొన్న, పెసర కలిపి వేసేవాళ్ళం.

తర్వాత చెట్లు కొట్టి అమ్మేశాం. నాలుగు సాళ్ళు ఎక్కువ వస్తాయని గట్టు కూడా దున్నేశాం. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి. ఎడ్లతో పాటు పెంట కూడా పోయింది. ఏటేటా పత్తే వేశాం. పత్తి కట్టెను చేలోనే తగలబెట్టాం.

వాన వచ్చినప్పుడల్లా ఎర్రగా, నల్లగా నీళ్ళు వాగులోకి పోయేవి. అవి నీళ్ళు అనుకున్నాం. అది మా చేను అని మాకు తెలియలేదు. పదిహేనేళ్ళకు సుద్దరాళ్ళు పైకి తేలాయి. "వాన లేదు, అందుకే పండలేదు" అన్నాడు మా నాన్న. వాన పడింది. కానీ నిలబెట్టే మట్టి లేదు.

పాల మీద మీగడ ఎలాంటిదో, నేల మీద పై మట్టి అలాంటిది. బలమంతా అందులోనే ఉంటుంది. ఒక్క అంగుళం పై మట్టి తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది. కొట్టుకుపోవడానికి నాలుగు పెద్ద వానలు చాలు.

నీళ్ళు చేలో ఇంకకపోతే ఎక్కడికి పోతాయి? ఒక్కసారిగా వాగుల్లో పడతాయి. 2023 జూలైలో మున్నేరు పొంగి, ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్ళొచ్చాయి. ఆ వరద కుంభవృష్టి వల్ల వచ్చింది. అయితే నేల నీళ్ళు తాగకపోతే ఏ వరదైనా ఇంకా పెరుగుతుంది. ఎండాకాలంలో బావి కూడా త్వరగా ఎండుతుంది.

"మాకు సెంటు భూమి లేదు, మాకెందుకు?" అనకండి. చేను పండకపోతే మొదట తెగేది మన కూలి. గడ్డి లేకపోతే గేదెను అమ్మేది మనమే. బావి ఎండితే బిందె మోసేది మనమే. వలస పోతే బడి మానేది మన పిల్లలే.

మరి ఏం చేయాలి?

వాలుకు అడ్డంగా దున్నాలి. నిలువుగా దున్నితే ప్రతి సాలూ కాలువ అవుతుంది.

గట్టు వేయాలి. గట్టు మీద వేప, కానుగ నాటాలి.

పత్తిలో కంది సాళ్ళు వేయాలి. జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి, పూత మీద ఉన్నప్పుడు దున్నాలి.

పత్తి కట్టెను కాల్చకుండా ముక్కలు చేసి మట్టిలో కలపాలి. చెరువు మట్టి తోలాలి.

చేను కౌలుది అయితే? కంది సాళ్ళ లాభం ఆ ఏడే చేతికొస్తుంది. గట్టు సంగతి నలుగురు కలిసి ఆసామిని అడగండి.

చదువు రాని ఆడవాళ్ళ వల్ల ఏమవుతుంది అనేవాళ్ళకు ఒక సంగతి చెప్పండి. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఉన్నాయి. వాళ్ళలో ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. బీడు పడ్డ నేలల్ని బాగు చేసి, జొన్న, కొర్ర, కంది, మరెన్నో పైర్లు కలిపి పండించారు. విత్తనాలు ఇంట్లోనే దాచుకున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ళ 'ఈక్వేటర్' బహుమతి వాళ్ళకు వచ్చింది.

ఊరి వాగుకు అడ్డుకట్ట, చెరువు పూడిక ఒక్క ఇంటి పని కాదు. గ్రామసభలో అడగాలి. అడిగింది రాసి ఇవ్వాలి. కిందటేడు మనకు వేలిముద్రే దిక్కు. ఇప్పుడు అర్జీ రాయగలం, చదవగలం, సంతకం పెట్టగలం.

ఎడారి ఎక్కడో రాజస్థాన్‌లో మొదలు కాదు. తెగిన గట్టు దగ్గర మొదలవుతుంది. రేపు చేనుకు పోయినప్పుడు గట్టు చూడండి. తెగి ఉంటే నాలుగు పారల మట్టి వేయండి.

సెలవు.

చర్చించండి:
1. వాన పడితే మీ ఊరి వాగులో నీళ్ళు ఏ రంగులో పారతాయి? ఆ మట్టి ఎక్కడిది?
2. మీ అమ్మ కాలంలో చేలో ఎన్ని రకాల పైర్లు వేసేవారు? పేర్లు రాయండి.
3. గట్టు కోసం, చెరువు కోసం గ్రామసభకు ఒక అర్జీ రాయండి.