సర్దుకోవడం ఒక్క రైతు వంతేనా?

(సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినేడు మృగశిర కార్తెలో మన సంఘం షెడ్డులో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. తొలకరి పడింది, పదును బాగుంది, ట్రాక్టర్ సిద్ధంగా ఉంది. మొక్కజొన్న గొర్రు బోల్టులు బిగించే పానా మాత్రం దొరకలేదు. గోతాల కింద, పాత టైర్ల వెనక వెతికాం. మధ్యాహ్నానికి ఎవరి కొట్టంలోనో దొరికింది. ముగ్గురు కూలీలు ఆ పూట ఊరికే కూర్చున్నారు. కూలి ఇచ్చాం, ఇవ్వాలి కూడా.

ఆ తర్వాతే జపాన్ ఫ్యాక్టరీల ‘ఫైవ్ ఎస్’ పద్ధతి మన షెడ్డులో పెట్టి చూశాం. అక్కరలేనిది తీసేయడం, ఉన్నదానికి చోటు చూపడం, శుభ్రం చేయడం, అందరికీ ఒకే పద్ధతి, దాన్ని అలవాటుగా నిలుపుకోవడం. పోపుల డబ్బా ఉన్న ప్రతి ఇంట్లో జరిగేది ఇదే కదా అని ఒక అక్క అంది. నిజమే. గోడకు పలక కొట్టి ఒక్కో పానా ఆకారం రంగుతో గీశాం. తీసుకెళ్లినవాళ్లు అక్కడ పేరు చీటీ తగిలించాలి. విత్తనాల పక్కనున్న పురుగుమందు డబ్బాలను తాళం పెట్టెలోకి మార్చాం. శ్రమ దండగ కాలేదనడానికి ఇదొక్కటి చాలు.

కోతలప్పుడు పలక సగం ఖాళీ అయింది. శనివారం అరగంట ఒకరి వంతు అని పెట్టుకున్నాకే పద్ధతి నిలబడింది. ఆ వంతును ఆడవాళ్ల మీదికి నెట్టబోయిన సంగతీ ఉంది, దాచడమెందుకు?

అమెరికాలో ఇండియానా రైతు బెన్ హార్ట్‌మన్ కూరగాయల తోటలో ఇలాంటి పద్ధతులు పాటించి 2015లో పుస్తకమే తెచ్చాడు. ఆయన పంటను చుట్టుపక్కల వాళ్లకు, హోటళ్లకు నేరుగా అమ్ముకుంటాడు. కాబట్టి మిగిలిన సమయం ఆయనకే మిగులుతుంది. మరి మనకు?

షెడ్డులో మిగిల్చిన పూట కొనుగోలు కేంద్రంలో పోతోంది. ధాన్యం ఆరబెట్టి, తూర్పారబట్టి, తేమ 17 శాతానికి తెచ్చి కుప్ప పోస్తాం. గోనె సంచులు రావు. సంచులొస్తే హమాలీలుండరు. కాంటా అయితే లారీ రాదు. లారీ వెళ్తే మిల్లులో దించుకోరు. ఈలోగా వాన పడితే మళ్లీ ఆరబోత, ఆపైన తరుగు. టయోటా ఇంజనీరు తయిచి ఓనో చెప్పిన ఏడు దుబారాల్లో ఎదురుచూపు ఒకటి, అక్కరకు మించిన నిల్వ ఒకటి, లోపాల వల్ల మళ్లీ చేయాల్సొచ్చే పని ఒకటి. మూడూ ఒక్క కల్లంలోనే చూడొచ్చు. రైతు ఎంత సర్దుకున్నా ఇవి పోవు. సర్దుకోవాల్సింది కొనేవాళ్లు.

ఇంకో మాట. టయోటాలో లోపం కనిపిస్తే మామూలు కార్మికుడు సైతం తాడు లాగి లైను ఆపించగలడు. మనకు పాఠాలు చెప్పేవాళ్లు చీపురు గురించి చెబుతారు, ఆ తాడు ఊసెత్తరు.

అందుకే ఈ సీజన్‌లో ప్రతి కేంద్రం దగ్గరా ఒక బోర్డు పెట్టించాలని అడుగుతున్నాం. ధాన్యం తెచ్చిన తేదీ, తేమ చూసిన తేదీ, కాంటా, లారీ, మిల్లులో దిగుమతి, ఖాతాలో డబ్బు పడిన తేదీ, అన్నీ రైతువారీగా దాని మీద ఉండాలి. అధికారులు పెట్టకపోతే మనమే పెట్టి రాద్దాం. వారం వారం ఫోటో తీసి కలెక్టరేట్‌లో అర్జీతో ఇద్దాం. పలక, రంగు షెడ్డులోనే ఉన్నాయి. వచ్చే శనివారం వంతు ఎవరిదో వాళ్లు గడులు గీసి పెట్టండి.