కప్పిపుచ్చే క్రియలు, కరువు నేల
(సి.పి. బ్రౌన్ స్మారకోపన్యాసం, కడప)



బ్రౌన్ బంగళా ఉన్న చోటనే ఆయన పేర గ్రంథాలయం వెలసిన ఊరు ఇది. ఇక్కడ ఆయన గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా వేమనతో మొదలుపెడతారు. నేను ఆయన నిఘంటువుతో మొదలుపెడతాను. అందులోనూ ఒక చిన్న గుంపుతో. దాచడాన్ని, తేటగా ఉన్నదాన్ని మసకబార్చడాన్ని చెప్పే ఇంగ్లీషు క్రియల గుంపు అది.

ఇంగ్లీషులో వీటికి కొదవ లేదు. అబ్‌స్క్యూర్, ఆబ్‌ఫస్కేట్ రెండూ చీకటినో నలుపునో చెప్పే లాటిన్ మాటల నుంచి వచ్చాయి. వీల్, క్లోక్, ష్రౌడ్ మూడూ గుడ్డలే. మొదటిది మేలిముసుగు, రెండోది పై అంగీ, మూడోది శవం మీద కప్పేది. వైట్‌వాష్ గోడకు వేసే సున్నం. మనకూ తక్కువేమీ లేవు: దాచు, మరుగుపరచు, కప్పిపుచ్చు, బుకాయించు, దాటవేయు, నాన్చు. మసిపూసి మారేడుకాయ చేయడం ఉండనే ఉంది. అందులో మసి పూసే చెయ్యి కూడా కనిపిస్తుంది.

ఇన్ని ఉన్నా, కప్పిపుచ్చేవాడి నోట వీటిలో ఒక్కటీ రాదు. ఇవన్నీ ఎదుటివాడు చేసిన పనికి మనం పెట్టే పేర్లు. దాచదలచినవాడు క్రియ జోలికి పోడు, పేరు మారుస్తాడు. పేరు మారితే దాచినట్టే ఉండదు, ఉన్నదేదో చెప్పినట్టే ఉంటుంది. ఈ సంగతి మన కరువు నేలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం.

బ్రౌన్ 1820లో కడపకు వచ్చారు. ఇక్కడే ఇల్లు కొని, సొంత డబ్బుతో పండితులను పోషించి, తాళపత్రాలను పోగు చేయించి శుద్ధప్రతులు రాయించారు. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చేసినప్పుడు ఆయన కోస్తాలో కొలువులో ఉన్నారు. పైవాళ్ల కాగితాల్లో అది స్కేర్‌సిటీ, అంటే కొరత. బ్రౌన్ దాన్ని ఫేమిన్ అనే రాశారు. నేనైతే ఆయన నిఘంటువుల పక్కన ఈ పట్టుదలను కూడా పెడతాను. కొరత అంటే బజారులో సరుకు తగ్గిందని. కరువు అంటే మనుషులు చస్తున్నారని. మొదటి మాటకు వర్తకుడు జవాబు చెప్పుకుంటే చాలు. రెండో మాటకు సర్కారు జవాబు చెప్పాలి, ఖజానా తెరవాలి.

1854లో ఆయన ఇంకొక నిఘంటువు వేశారు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాల కోసం ప్రత్యేకంగా వేసినది. కచేరీల్లో, కోర్టుల్లో నడిచే పారసీ, హిందుస్తానీ మాటలకు అందులో అర్థాలు దొరుకుతాయి. తన భూమి మీద, తన పన్ను మీద రాసిన కాగితం రైతుకే అర్థం కాని కాలమది. ఎవరూ పనిగట్టుకుని దాచకపోయినా, ఆ భాషే ఒక ముసుగు. ఆ ముసుగు ఎత్తడానికి ఒక పుస్తకం రాయడం పెద్ద మేలని నేననుకుంటాను.

ఇక ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా నడిచిన ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. ఖర్చు తగ్గించడానికి వచ్చిన బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్, సహాయ పనులకు వచ్చే మగవాడి రోజు కూలిని ఒక పౌను ధాన్యానికి, ఒక అణాకు దించాడు. పౌను అంటే మన అరకిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దాన్ని గట్టిగా ఎదిరించాడు. ఆ తిండితో రాళ్లు కొట్టేవాడు బతకడని ఆయన వాదన. ఎన్నో ఆకలి చావులు పట్టీల్లో కలరా కింద, జ్వరం కింద, విరేచనాల కింద చేరాయి. ఆ రోగాలు అబద్ధం కాదు. కానీ రోగం పేరు రాశాక ఆకలి పేరు రాయనక్కర లేకపోయింది. 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ అంకె మీద ఏ ముసుగూ నిలవదు.

తెల్లవాళ్లు పోయాక ఈ అలవాటు పోయిందా? 1963లో మహారాష్ట్ర ఏకంగా ఒక చట్టం చేసి, తమ చట్టాల్లోంచి ఫేమిన్ అనే మాటనే తొలగించి స్కేర్‌సిటీ పెట్టింది. 2016లో భారత వాతావరణ శాఖ దేశం మొత్తానికి చెప్పే లెక్కలో డ్రౌట్ అనే మాట మానేసి ‘లోటు సంవత్సరం’ అనే అర్థం వచ్చే మాట తెచ్చుకుంది. శాస్త్రానికి ఖచ్చితమైన కొలత కావాలి, ఆ సంగతి ఒప్పుకుంటాను. అయితే మన తెలుగు ఉత్తర్వుల్లో కనిపించే ‘వర్షాభావ పరిస్థితులు’ ఏ కొలత? అందులో వాన లేదన్న మాట ఉంది. ఎండిన వేరుసెనగ లేదు, సంతకు తోలిన ఎద్దు లేదు, అప్పు లేదు. వాటికి తోడు ‘చర్యలు గైకొనబడును’, ‘పరిశీలింపబడుచున్నది’. ఆ ‘బడు’ మన నోట పుట్టినది కాదు. దానితో చేసేవాడు వాక్యంలోంచి తప్పించుకుంటాడు. పొలం గట్టు మీద ఎవరూ అలా మాట్లాడరు. ‘నీళ్లు ఎవరిడిసినారు, ఎవరు నిలిపేసినారు’ అనే అడుగుతారు.

దాచడమంతా ఒకటే రకమని మాత్రం నేననను. ఆదోని, కోసిగి వైపు పైర్లు పోయిన ఏడాది ఇంటికి తాళం వేసి, పిల్లలను వెంటబెట్టుకుని, మిరపకాయలు కోయడానికీ పత్తి తీయడానికీ గుంటూరు వైపు పోతారు. ‘మీవాళ్లు యాడికి పోయినారవ్వా?’ అని అడిగితే, ఇంట్లో మిగిలిన ముసలమ్మ ‘సుగ్గికి పోయినారు నాయనా’ అంటుంది. సుగ్గి కోతల కాలం పేరు, నిండుగా ఉండే మాట. ఊళ్లో బతకలేక పోయినారని ఆమె అనదు. ఆమె కప్పుకుంటున్నది తన మానాన్ని. ఆ హక్కు ఆమెకు ఉంది. కచేరీ కప్పుకునేది తన బాధ్యతను. ఆ హక్కు కచేరీకి లేదు. పైకి రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి. ఈ తేడా చెప్పగల క్రియ ఇంగ్లీషులోనూ లేదు, మనకూ లేదు. వాక్యం ఎవరిదో చూసి మనమే పట్టుకోవాలి.

అందుకే ఈ సభలో ఉన్న ఉద్యోగులను, అధికార భాష మీద పనిచేసేవాళ్లను ఒకటి కోరుతున్నాను. కరువు మండలాల జాబితాతో వచ్చే ఉత్తర్వును, మండల కార్యాలయం గోడకు అంటించే ముందు, ఆ మండలంలోని ఒక రైతుకు చదివి వినిపించండి. ‘పెట్టుబడి రాయితీ మంజూరు ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది’ అనే వాక్యం దగ్గర అతను ఆగి, ‘అంటే ఇస్తారా, ఇయ్యరా?’ అని అడుగుతాడు. అప్పుడు ఆ వాక్యం కొట్టేసి, డబ్బు ఇంకా ఇవ్వలేదని, ఇవ్వవలసినది ఫలానా అధికారి అని, ఫలానా తేదీలోగా ఇస్తారని రాయండి. తేదీ తెలియకపోతే తెలియదనే రాయండి.