రహస్యం విప్పాక మిగిలే మనిషి

దృశ్య మాధ్యమంలో పాత్రచిత్రణపై జరుగుతున్న ఈ సదస్సుకు నేను అధ్యక్షత వహిస్తున్నాను.

నేరకథను సాహిత్య విమర్శ చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టింది. అందులో చిక్కుముడి ఉంటుంది గాని మనుషులుండరన్నది అభియోగం. దానికి జవాబుగా ఒక్క ఎపిసోడ్‌ను మీ ముందుంచుతాను. అమెరికాలో ఏబీసీ ఛానెల్ 1990 నవంబరు 10న ప్రసారం చేసిన ‘ట్విన్ పీక్స్’ సీరియల్ రెండో సీజన్ ఏడో ఎపిసోడ్ అది. రచన మార్క్ ఫ్రాస్ట్, దర్శకత్వం డేవిడ్ లించ్. లారా పామర్‌ను చంపిందెవరో ప్రేక్షకులకు తెలిసేది ఇందులోనే. చంపినవాడు కన్నతండ్రి లీలాండ్.

హంతకుడెవరో తేలగానే చాలా కథల్లో ఆ పాత్ర అక్కడితో అయిపోతుంది. అంతవరకూ చూసిన మంచితనమంతా నటన అని తేల్చేస్తారు. ఇక్కడ అలా జరగలేదు. మొదటి సీజన్‌లో లీలాండ్ కూతురి ఫొటో పట్టుకుని గిరగిరా తిరుగుతూ డ్యాన్స్ చేస్తాడు. అద్దం పగిలి చేతి నెత్తురు ఆ ఫొటోకు అంటుకుంటుంది. అంత్యక్రియల్లో శవపేటిక మీద పడి ఏడుస్తాడు. ఆ తర్వాత జుట్టంతా తెల్లబడిపోతుంది. అదంతా కడుపుకోత అనుకున్నాం. నిజం తెలిశాక కూడా అది కడుపుకోతే. అతణ్ణి ఆవహించిన బాబ్ అనే దుష్టశక్తి ముఖం అద్దంలో కనిపించినప్పుడు రెండు నిజాలూ ఒకే దేహంలో నిలబడతాయి. చంపినవాడూ అతడే, ఏడ్చినవాడూ అతడే. నటుడు రే వైజ్ ఏ ఒక్కదాన్నీ వదులుకోలేదు.

అంతకన్నా లోతుగా ఎదిగిన పాత్ర మ్యాడీది. లారాకు వరసకు సోదరి, అచ్చం ఆమె పోలికే. ఇద్దరినీ షెరిల్ లీయే పోషించారు. చనిపోయినదాని నీడగా కథలోకి వచ్చిన ఈ అమ్మాయి, ఒక సందర్భంలో విగ్గు పెట్టుకుని లారాలా కూడా నటించింది. ఈ ఎపిసోడ్‌లో లీలాండ్, అతని భార్య సారాల పక్కన కూర్చుని, ఇక మోంటానాలోని మిసూలాకు, తన ఊరికి వెళ్లిపోతానని మెల్లగా చెబుతుంది. తన బతుకు తాను బతకాలని తీర్మానించుకున్న క్షణమది. ఆ రాత్రే ఆమెను చంపేస్తారు. ఆ ఊరి పేరే అరుస్తూ లీలాండ్ ఆమె తలను గోడకేసి కొడతాడు. ఆమె చావు మనల్ని వదలకపోవడానికి కారణం ఆ దృశ్యంలోని భయానకత కాదు, పొద్దున మనం విన్న ఆమె నిర్ణయం. హతురాలికి ఒక ఇష్టం, ఒక ప్రయాణం ఉన్నాయని రచయిత ముందే చూపించాడు.

అదే సమయంలో రోడ్‌హౌస్ అనే బార్‌లో పాట సాగుతుంటుంది. పరిశోధకుడు కూపర్‌కు వేదిక మీద మహాకాయుడు కనిపించి, మళ్లీ అదే జరుగుతోందని హెచ్చరిస్తాడు. ఎక్కడో, ఎవరికో తెలియదు. లారా స్నేహితురాలు డానా కారణం తెలియకుండానే ఏడుస్తుంది. అంతటి కూపర్ కుర్చీలో కదలకుండా ఉండిపోతాడు. ఎంత తెలివైనవాడైనా సమయానికి చేరుకోలేకపోవచ్చునన్న ఎరుక అతని పాత్రకు కొత్త బరువునిచ్చింది.

మన వెబ్ సిరీస్ రచయితలకు నా విన్నపం ఇదే. చివరి మలుపు కోసం పాత్ర స్వభావాన్ని తలకిందులు చేయకండి. నిజం బయటపడ్డాక వెనక్కి వెళ్లి చూసేవాడికి ప్రతి చేష్టా మరింత అర్థవంతంగా కనిపించాలి. చనిపోయేవాళ్లను శవాలుగా పరిచయం చేయకండి; వాళ్లు ఏం కోరుకున్నారో చెప్పండి. విమర్శకులూ హంతకుణ్ణి ఎంత తెలివిగా దాచారన్న లెక్క పక్కనపెట్టి, దొరికాక అతను మనిషిగా మిగిలాడా లేదా అని అడగాలి. నేటి చర్చల్లో ఆ ప్రశ్నకు చోటివ్వమని కోరుతూ, సదస్సు ప్రారంభమైనట్లు ప్రకటిస్తున్నాను.