మలుపులో మోగని హారను



ఈ పూట కారు హారను గురించి మాట్లాడుకుందాం. "మాకు కార్లెక్కడివి?" అంటారేమో. కారు మనది కాకపోయినా రోడ్డు మనదే కదా! బిందె నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటేది మనమే. బడికి నడిచిపోయేది మన పిల్లలే. హారను మోగితే పక్కకు తప్పుకుంటాం. మోగకపోతే?

పూర్తిగా మూగబోయిన హారనుతో అంత భయం లేదు. పాడయిందని తెలుస్తుంది, బాగు చేయిస్తారు. ఒకసారి మోగి ఒకసారి మోగని హారనుతోనే చిక్కు. మోగుతుందని నమ్మి నొక్కుతారు. అప్పుడే మోగదు.

ఒక ఊళ్ళో భార్యాభర్తలు పాత కారు ఒకటి కొనుక్కున్నారు. పొద్దున, సాయంత్రం ఊరి పిల్లల్ని నలుగురిని టౌను బడికి తీసుకుపోయి తీసుకొస్తారు. అతను నడుపుతాడు. ఆమె ముందు సీట్లో కూర్చుని పిల్లల్ని కనిపెట్టుకుంటుంది. ఆమె రాత్రి బడిలో చదువుకున్న మనిషి. పలక వదిలి నోటు పుస్తకం పట్టి ఏడాది కూడా కాలేదు.

ఒకరోజు చెరువు కట్ట మలుపులో ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. మందతో పాటు పదేళ్ళ పిల్లవాడు. అతను హారను నొక్కాడు. మోగలేదు. బ్రేకు తొక్కిపట్టాడు. కారు జారుకుంటూ పోయి, మందకు రెండు మూరల ఇవతల ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, కారులో పిల్లలు బిక్కచచ్చిపోయారు.

షెడ్డుకు తీసుకుపోయారు. మేస్త్రీ నొక్కి చూస్తే పీమని మోగింది. "బాగానే ఉంది కదన్నా! అయినా పాతదయింది, కొత్తది వేసేస్తా" అన్నాడు. వేశాడు. డబ్బులు తీసుకున్నాడు. రెండు రోజులు తిరక్కుండానే మళ్ళీ మామూలే.

ఈసారి ఫ్యూజు మారుద్దాం అన్నారు. షెడ్డులో పనిచేసే కుర్రాడు కొత్త ఫ్యూజు తెచ్చాడు. ఆమె చేతిలోకి తీసుకుని చూసింది. పాతదాని మీద 15 అని ఉంది. కొత్తదాని మీద 30 అని ఉంది.

"ఇది ముప్పై కదా తమ్ముడూ?"

"పెద్దది అక్కా. తొందరగా పోదు."

పోకపోవడమే ప్రమాదం. ఫ్యూజు ఉన్నదే పోవడానికి. తీగలో కరెంటు ఎక్కువైతే ఫ్యూజు ముందు కరిగిపోయి తీగను కాపాడుతుంది. 15 ఉన్నచోట 30 పెడితే ఫ్యూజు నిలబడుతుంది, తీగ కాలుతుంది. ఆమె ఒప్పుకోలేదు. ఇంకో మాట. ఫ్యూజు పోయిందంటే పోయినట్టే. కాళ్ళు వదులైతే తప్ప, కాసేపు పనిచేసి కాసేపు మానదు. కాబట్టి ఇక్కడ తప్పు ఫ్యూజుది కాదు.

మరి ఎక్కడ? హారను ఎట్లా మోగుతుందో కొంచెం తెలియాలి. హారను గుండ్రటి డబ్బా. లోపల పలచటి రేకు, దాని వెనక తీగచుట్ట ఉంటాయి. కరెంటు రాగానే తీగచుట్ట అయస్కాంతంలా రేకును లాగుతుంది. లాగిన వెంటనే కరెంటు తెగుతుంది, రేకు వెనక్కు పోతుంది. మళ్ళీ కరెంటు కలుస్తుంది. ఇట్లా సెకనుకు కొన్ని వందల సార్లు! ఆ రేకు అదురే మనకు వినబడే మోత.

కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది. చాలా కార్లలో మధ్యన రిలే అనే చిన్న పెట్టె ఉంటుంది. స్టీరింగు మీద నొక్కితే రిలే 'టిక్' మని కరెంటుకు దారి ఇస్తుంది. ఈ టిక్ శబ్దం మంచి ఆనవాలు. ఒకరు నొక్కాలి, ఒకరు రిలే దగ్గర చెవి పెట్టాలి. టిక్ వినబడి హారను మోగలేదా, తప్పు చాలావరకు హారను వైపు. టిక్కే లేదా, ముందు స్టీరింగు వైపు చూడాలి.

కానీ షెడ్డులో నొక్కినప్పుడల్లా మోగుతోందే! అక్కడే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు రాసింది. "చెరువు కట్ట మలుపు, మోగలేదు. తారు రోడ్డు, మోగింది. గుడి మలుపు, మోగలేదు. బడి గేటు, మోగింది." అక్షరాలు వంకర. కారు కుదుపులకు రాసింది మరి.

రాత్రి దీపం దగ్గర చదువుకుంది. "ఏమయ్యా, మలుపుల్లోనే మోగట్లేదు చూడు" అంది. అతనూ చదివాడు. మర్నాడు మేస్త్రీ ముందు కారు నిలబెట్టి, స్టీరింగు కుడికి తిప్పి నొక్కాడు. చప్పుడు లేదు. నేరుగా పెట్టి నొక్కాడు. మోగింది.

మేస్త్రీకి అర్థమైంది. స్టీరింగు తిరిగే వస్తువు. దానికి మామూలుగా తీగ కడితే మెలిపడి తెగిపోతుంది. అందుకని పాత కార్లలో స్టీరింగు కింద ఇత్తడి కంకణం పెడతారు. స్ప్రింగు మీద చిన్న ముక్క ఒకటి దాన్ని తాకుతూ ఉంటుంది. స్టీరింగు ఎటు తిరిగినా తాకుతూనే ఉండాలి. ఈ కారులో కంకణం ఒక పక్క చిలుము పట్టి నల్లబడింది. స్ప్రింగు కూడా మెత్తబడింది. నేరుగా పోయేటప్పుడు శుభ్రంగా ఉన్నచోట తాకేది. మలుపులో నల్లటిచోట ఆనేది. కరెంటు దాటేది కాదు.

ముందు బ్యాటరీ మైనస్ తీగ ఊడదీశాడు. స్టీరింగు విప్పాడు. ఉప్పుకాగితంతో కంకణాన్ని పైపైన రుద్ది గుడ్డతో తుడిచాడు. కొత్త స్ప్రింగు వేశాడు. స్టీరింగు నట్టు గట్టిగా బిగించాడు. ఇది తెలిసిన మేస్త్రీ చేయాల్సిన పని. ఆ నట్టు వదులైతే హారను సంగతి అటుంచి ప్రాణానికే ముప్పు. ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో ఈ కంకణం బదులు చుట్ట చుట్టిన తీగ పట్టీ ఉంటుంది. 2019 జూలై నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అలాంటి స్టీరింగును ఇంట్లో అసలు విప్పకూడదు. ఎయిర్‌బ్యాగు ఒక్కసారిగా పేలినట్టు తెరుచుకుంటే మొహం పగులుతుంది.

అన్ని హారన్లకూ ఇదే జబ్బు ఉండదు. వాన పడ్డప్పుడో, కారు కడిగినప్పుడో మోగకపోతే హారను దగ్గర తీగ చివరలు చూడాలి. పచ్చటి చిలుము కనబడితే గీకి, మళ్ళీ బిగించి, కాస్త వ్యాజలీను రాస్తే చాలు. గుంటల్లో కుదిపినప్పుడు మోగి ఆగుతుంటే ఎక్కడో తీగ వదులైంది. గొంతు బొంగురుపోయి, లైట్లు కూడా మసకగా ఉంటే బ్యాటరీ వైపు చూడాలి. ఎప్పుడు మోగదో ముందు పట్టుకుంటే, ఎందుకు మోగదో సగం తెలిసినట్టే.

ఆ కారు హారను ఇప్పుడు మూడు వైపులా మోగుతోంది. పొద్దున పిల్లలు ఎక్కకముందే నేరుగా ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి, ఎడమకు తిప్పి ఒకసారి నొక్కి చూస్తారు. మొదట తీసేసిన పాత హారనుకు ఏ రోగమూ లేదు. అది వాళ్ళింట్లో అటక మీద ఉంది.