పూచీ ఎవరిది?



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆ మేజరుగారి పేరు ఆహ్వానపత్రం మీదా, నా వెనకున్న బ్యానరు మీదా ఉంది, రేపు పుస్తకం అట్ట మీదా ఉంటుంది. మళ్ళీ నేను చెప్పడం ఎందుకు? జీవిత విశేషాలు అధ్యక్షులవారు చెప్పేశారు. ఒక్క ముక్క మాత్రం కలుపుతాను. పట్టాళం నుంచి వచ్చి ఆయన ఊళ్ళో పొదుపు సంఘం పెట్టిన కొత్తలో నాకు మూడువేలు అప్పు కావలసివచ్చింది. ‘‘జామీను ఎవరు?’’ అన్నారు. ‘‘మీరే ఉండండి’’ అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ‘‘అప్పిచ్చేవాడే జామీనుంటే అది అప్పు కాదు పంతులూ, దానం. ఇంకెవరినైనా తీసుకురా’’ అని కాగితం వెనక్కి తోశారు. రెండు వీధులు తిరిగి ఒక సంతకం తెచ్చుకున్నాను. ఆ సంతకం గురించే ఇవాళ మాట్లాడబోతున్నాను. ఈ గౌరవానికి కృతజ్ఞుణ్ణి.

నిర్వాహకులు ఇచ్చిన అంశం గ్రామీణ పరపతి సంఘాలు పెట్టిన రైఫైజెన్: ‘సైనికాధికారి, ఆర్థికవేత్త, ప్రజాసేవకుడు’. జర్మనీలో హాం అనే ఊళ్ళో 1818లో పుట్టాడు. చదివించే స్తోమత ఇంట్లో లేక పదిహేడో ఏట ప్రష్యా ఫిరంగి దళంలో చేరాడు. కంటి జబ్బు వల్ల 1843లో అది వదిలాడు. వాయర్‌బుష్, ఫ్లామర్స్‌ఫెల్డ్, హెడ్డెస్‌డోర్ఫ్ గ్రామ మండలాలకు వరసగా మేయరయ్యాడు. 1888లో పోయాడు. ఇదంతా ఏ సహకార శిక్షణ నోట్సులోనైనా దొరుకుతుంది. ఒక్క సవరణ: ఆయన కమిషన్ పొందిన అధికారి కాడు, ఆయుధ సామగ్రి చూసుకునే ఓబర్‌ఫాయర్‌వెర్కర్. మేజరుగారుంటే ఈ తేడాకు నవ్వేవారు.

ఇక నా పాత తగాదా. ఆయన 1849లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో పెట్టిన సంఘమే గ్రామీణ సహకార పరపతికి మొదలని మన పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తాయి. కాదని నేను ముప్ఫై ఏళ్ళుగా అంటున్నాను. ఆ సంఘంలో సభ్యులెవరు? అరవైమంది ఉన్నవాళ్ళు. పూచీ వాళ్ళది. లేనివాళ్ళకు పశువులు కొనిపెట్టి వాయిదాల మీద వసూలు చేశారు. పశువు తోలుకుపోయిన రైతు సభ్యుడు కాడు. అంతకు ముందు 1846–47 కరువులో వాయర్‌బుష్‌లో పెట్టిన రొట్టెల సంఘం తీరూ అదే. నగదుకే అమ్మమని ప్రభుత్వం పంపిన ధాన్యాన్ని ఈయన ధైర్యంచేసి అరువిచ్చాడు. మనిషి గొప్పవాడే, కాదనను. కానీ గొప్ప మనిషి అరువిస్తే అది సహకారమైపోతుందా? 1854లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో పెట్టినదాని పేరులోనే దాతృత్వం ఉంది. అనాథ పిల్లల పోషణ, జైలు నుంచి వచ్చినవాళ్ళకు పని, గ్రంథాలయం, అన్నీ దాని పద్దులోవే. కొన్నేళ్ళకు ఉన్నవాళ్ళకు మొహం మొత్తింది. ఇతరుల బాకీకి తమ ఆస్తి ఎందుకు ఒడ్డాలనుకున్నారు. అప్పుడుగానీ ఆయన దారి మార్చలేదు. 1864లో కొత్త నియమం వచ్చింది: అప్పు కావలసినవాడు సభ్యుడు కావాలి, మిగతావాళ్ళతోపాటు పూచీ పడాలి. సహకారం పుట్టింది ఆనాడు. ఆయన పుట్టించాడనేకంటే ఉన్నవాళ్ళు చెయ్యి వదిలేయడంతో పుట్టిందనడం నిజం.

ఇది నా పైత్యం అనేవారికి: ఆ తొలి సంఘాలు సహకార సంఘాలు కావని జర్మనీలోనే విల్‌హెల్మ్ కాల్టెన్‌బోర్న్ వాదించారు. ఆయన 2018 పుస్తకం చూడండి. స్వయంసహాయం సంగతిలో రైఫైజెన్ కంటే ముందున్నది పట్టణాల చేతిపనివాళ్ళకు సంఘాలు పెట్టిన షుల్జ్-డెలిచ్. తర్వాత వాళ్ళిద్దరూ బహిరంగంగా కొట్టుకున్నారు. వాటాధనం, డివిడెండు వద్దని రైఫైజెన్. స్వల్పకాలిక డిపాజిట్ల సొమ్ము రైతుకు ఏళ్ళ తరబడి అప్పిస్తే మునుగుతారని షుల్జ్. నా ఓటు మొదటిదాంట్లో రైఫైజెన్‌కు, రెండోదాంట్లో షుల్జ్‌కు.

మనకేమిటి సంబంధం అంటారా? మద్రాసు ప్రెసిడెన్సీకి వ్యవసాయ బ్యాంకులు ఎలా పెట్టాలో చెప్పమంటే ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో రెండు లావుపాటి సంపుటాలు రాసి, చివరికి ఒక రైఫైజెన్‌ను వెతికి పట్టుకోండని తేల్చాడు. ఈ మాట మనవాళ్ళందరికీ కంఠతా వచ్చు. 1904 సహకార పరపతి సంఘాల చట్టం గ్రామ సంఘాలకు అపరిమిత బాధ్యత పెట్టింది: సంఘం బాకీకి ప్రతి సభ్యుడి ఆస్తంతా పూచీ. అంటే 1864 రైఫైజెన్ దొరికినట్టే. అయితే ఆయన పక్కనే ప్రభుత్వ రిజిస్ట్రారును కూడా కూర్చోబెట్టింది. 1951–52 నాటికి రైతు అప్పుల్లో సహకార సంఘాల వాటా నూటికి మూడు చిల్లర అని గ్రామీణ రుణ సర్వే లెక్కతేల్చింది. ఆ సర్వే నడిపిన గోర్వాలా కమిటీ 1954లో చెప్పిన మందు: సంఘాలు పెద్దవి కావాలి, బాధ్యత పరిమితం కావాలి, ప్రభుత్వం వాటాదారు కావాలి. నా దృష్టిలో అది తిన్నగా 1849కి తిరుగుప్రయాణం. అరవైమంది ఆసాముల స్థానంలో ప్రభుత్వం కూర్చుంది, అంతే తేడా.

అపరిమిత బాధ్యత బీదవాడి మెడకు ఉరి అని ఒక మిత్రుడు నన్ను పత్రికల్లో చీల్చి చెండాడారు. నిజమే, పక్కవాడి బాకీకి ఎడ్లు పోగొట్టుకున్నవాడికి అది ఉరే. కానీ డ్వాక్రా గ్రూపులో ఒకామె కిస్తీ తప్పితే మిగతావాళ్ళు వెళ్ళి ఆమె గుమ్మంలో కూర్చుంటారే, ఆ పూచీ ఏ చట్టం రాసింది? అందులో క్రౌర్యం లేదనను. అందుకే అప్పిచ్చే ముందు వాళ్ళు పదిసార్లు ఆలోచిస్తారు. ప్రభుత్వ వాటాధనం లేకుండా నడుపుకోండని మన 1995 పరస్పర సహాయ సహకార చట్టం అంది. ఆ చట్టాన్ని మెచ్చుకునేవారు కూడా పూచీ ప్రశ్న జోలికి పోరు.

దీనికి జవాబు చట్టాల్లో లేదు, తీర్మానాల పుస్తకాల్లో ఉంది. అందుకే మూడేళ్ళుగా నేను పాత పరపతి సంఘాల మినిట్స్ బుక్కులు పోగుచేస్తున్నాను. ఒకదాంట్లో ఊదా సిరాతో రాసిన తీర్మానం: ఎద్దు కొంటానని అప్పు తీసుకున్న సభ్యుడు కూతురి పెళ్ళి చేశాడు కాబట్టి ఈసారి అర్జీ తిరస్కరించడమైనది. కింద ఏడు సంతకాలు, నాలుగు నిశానీలు. మొదటి నిశానీ అర్జీదారుడిదే. అతనూ కమిటీ సభ్యుడే మరి!

అలాంటివి నా దగ్గర నలభైదాకా చేరాయి. మీ ఊరి సొసైటీ గోడౌనులో ఎరువుల బస్తాల వెనక ఇంకా ఉంటాయి. చెదలు తిన్నవైనా ఫరవాలేదు. తూకానికి వేసే ముందు నాకొక కబురు పెట్టండి, ఆటో ఖర్చు నేనిచ్చుకుంటాను.