గాజుతొట్టిలోని నీటి గుణము

ఫిల్మ్‌నగర్‌లో ఒక యింటి తొట్టిలో సుఖముగ నీదు చేప, జూబ్లీహిల్స్‌లోని మరొక యింటి తొట్టిలో విడిచినంతనే ఏల సొమ్మసిల్లును?

నీటి ఆమ్లక్షారతలకు కొలత పి.హెచ్. అది 7 అయినచో తటస్థము. ఒక అంకె తగ్గినచో ఆమ్లత పదిరెట్లు పెరుగును. హైదరాబాదు కుళాయిలకు మంజీర, కృష్ణ, గోదావరి నదుల నీరు వచ్చును. బోరుబావులకు గ్రానైటు రాతి నెరియలనుండి నీరు వచ్చును. వీనిలోని లవణములు వేరు.

బైకార్బొనేటులు మెండుగనున్న నీరు ఆమ్లమునకు సులభముగ లొంగదు. అవి కొరవడినచో, చేపల వ్యర్థములనుండి పుట్టు ఆమ్లము పి.హెచ్.ను దించును. గవ్వలు, సున్నపురాళ్లు కరగి దానిని పెంచును. పగలు మొక్కలు బొగ్గుపులుసు గాలిని గ్రహించుటచే పెరిగి, రాత్రి మరల తగ్గును.

కావున అంకెకై మందులు పోయుటకన్న, క్రొత్త చేపయున్న సంచిలో తొట్టినీటిని కొంచెము కొంచెముగ కలిపి అలవాటు చేయుట మేలు. చేపకు చేటు తెచ్చునది తరచు అంకె కాదు, ఆకస్మికమైన మార్పు.