క్లారినెట్‌ల కష్టమైన ట్రిల్లుకు వేళ్ళు ఎట్ల ఎంచాలె



సోలాపూర్‌ల రాఖీ పున్నమికి మార్కండేయస్వామి రథోత్సవం దగ్గరికొస్తే మా వాయిద్యగాళ్ళకు తీరిక ఉండదు. పగలు సాంచాల మీద, రాత్రి సాధన. ఆ సాధనలో పిల్లలు ఎక్కువగా వదిలేస్తున్నది ట్రిల్లు. రెండు స్వరాలు గబగబా మార్చి పలికించడమే ట్రిల్లు. అది కష్టమైన చోట వస్తే సాదా స్వరం పట్టి దాటేస్తున్నరు. పాట చప్పబడుతున్నది. "కీబోర్డు పెట్టుకుంటే సరిపోదా?" అనే మాట పెళ్ళిళ్ళల్ల వింటూనే ఉన్నం. అందుకే ఈ ముచ్చట చెప్పాలనుకున్నం.

ముందు ఏ స్వరంతో కలిపి ఊపాలో రాగం చెప్తది. మాయామాళవగౌళలో సా పక్కన శుద్ధ రిషభం, అర మెట్టే. శంకరాభరణంలో చతుశ్శ్రుతి రిషభం, పూర్తి మెట్టు. మోహనంలో మధ్యమం లేదు, కాబట్టి గా మీద మా తగిలించి ట్రిల్లు కొడితే రాగం చెడుతది. అక్కడ ట్రిల్లు లేకుండ గా నిలిపితేనే బాగుంటది.

ఇప్పుడు వేళ్ళు. మనం వాడే బోయెమ్ పద్ధతి క్లారినెట్‌ల నడిమి ఎ మీద సా పెట్టినమనుకోండి. ఎ పట్టడానికి ఎడమ చూపుడువేలితో ఒక్క కీ నొక్కితే చాలు. దాని పై బి కావాలంటే మాత్రం దాదాపు అన్ని రంధ్రాలూ మూసి రిజిస్టర్ కీ కూడ పట్టాలె. ఒక్క మెట్టు ఎక్కడానికి అన్ని వేళ్ళు దిగాలె! ఆ పద్ధతిలో ట్రిల్లు ఎవరికీ రాదు.

దానికే కుడిచేతి పక్కన నాలుగు కీలు ఉన్నయి. ఎ కీ నొక్కి పట్టే ఉంచండి. మాయామాళవగౌళకు పైనుంచి రెండో పక్క కీ ఒక్కటే కొట్టండి, బి ఫ్లాట్ పలుకుతది. శంకరాభరణానికి పై రెండూ కలిపి కొట్టండి, బి పలుకుతది. అదే సా, రాగం మారితే కీ మారింది.

ఖరహరప్రియలో రి, గా మధ్య అర మెట్టే. అంటే బి, సి. రెండు చిటికెన వేళ్ళూ ఒకేసారి మార్చబోతే మధ్యలో చప్పుడు తెగుతది. కుడి చిటికెన వేలితో సి కీ పట్టే ఉంచి, ఎడమ చిటికెన వేలితో బి కీ ఆడించండి. నాడె ఆడుతుంటే పడుగు కదలదు గదా, గట్లనే.

సా ఎఫ్ మీద పెట్టేవాళ్ళకు చిక్కు వేరే. కింది ఎఫ్ అయితే బొటనవేలు మూసే ఉంచి, పక్క కీలలో కింది రెండూ కొట్టాలె. పై ఎఫ్ అయితే కుడి చూపుడువేలు తీయొద్దు; నడిమి, ఉంగరపు వేళ్ళ రంధ్రాల మధ్య ఉన్న సన్న కీని ఉంగరపు వేలితో కొట్టాలె. మామూలు ఎఫ్ షార్ప్‌కు ఒక వేలు లేస్తే ఇంకోటి దిగాలె, వేగంలో అది కుదరదు.

పాత ఆల్బర్ట్ పద్ధతి వాయిద్యం ఉన్న ఇండ్లల్ల కీల అమరిక వేరుగ ఉంటది, వాళ్ళు విడిగ కలవండి.

ఈ పక్క వేళ్ళన్నీ వేగానికే. కొన్ని వాయిద్యాల్లో శ్రుతి కొంచెం అటూ ఇటూ అయితది, ట్రిల్లులో చెవికి తెలియదు. స్వరం నిలపాల్సి వస్తే మామూలు వేళ్ళకే రావాలె. మొదట మెల్లగ, రెండు స్వరాలూ సమానంగ పలికేదాక చేయండి, తర్వాతే వేగం.

భోజనాలయినంక వాయిద్యాలు తెచ్చుకోండి, ఒక్కొక్కరి వేళ్ళు చూస్తం.